వోల్టు నుంచి అంకె దాకా: పేరున్న సింథసైజర్ల లోపలి సంగతులు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

సింథసైజర్ల, అంటే కరెంటుతో నాదం పుట్టించే వాద్యాల, చరిత్ర అనగానే మోడళ్ల పేర్లు, వచ్చిన సంవత్సరాలు, ఏ బ్యాండు ఏది వాయించిందన్న జాబితా ఎదురవుతుంది. ఆ జాబితా ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఇవాళ మూత విప్పి లోపల చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నాదం పుట్టించడం పెద్ద పని కాదు. రెండు మూడు ట్రాన్సిస్టర్లు, ఒక కెపాసిటర్ ఉంటే ఏదో ఒకటి మోగుతుంది. మోగినదాన్ని అదుపులో పెట్టడమే అసలు పని. శ్రుతి జారకూడదు. ఒకేసారి నాలుగైదు స్వరాలు పలకాలి. నిన్న కుదిరిన టోను ఇవాళ మళ్లీ రావాలి. వీటి కోసం ఇంజనీర్లు పడ్డ పాట్లే ఒక్కో వాద్యానికి ఒక్కో గొంతు ఇచ్చాయి.

1957లో న్యూయార్క్‌లోని కొలంబియా-ప్రిన్స్‌టన్ కేంద్రంలో ఆర్‌సీఏ మార్క్ 2 అనే యంత్రం పెట్టారు. గదిని నింపేసేంత పెద్దది, లోపలంతా వాక్యూమ్ ట్యూబులు. కాగితపు చుట్టలో రంధ్రాలు పొడిచి స్వరం, నిడివి, టోను అన్నీ ముందే రాసి పెట్టాలి. అదుపు పూర్తిగా ఉంది, కానీ వాయించే చెయ్యికి అక్కడ చోటు లేదు.

1964లో రాబర్ట్ మూగ్, స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి పని చేస్తూ ఆ చోటు తెరిచాడు. ఆయన పట్టుకున్నది ఒక్క సూత్రం: ఏ విలువనైనా వోల్టేజ్‌తో కదిలించవచ్చు. ఒక వోల్టు పెరిగితే శ్రుతి ఒక ఆక్టేవ్ పెరగాలి. ఇలా పెట్టుకుంటే కీబోర్డు నుంచి వచ్చే వోల్టేజ్, ఎన్వలప్ (కీ నొక్కాక కాలంతో పాటు పెరిగి తగ్గే వోల్టేజ్‌ను ఇచ్చే సర్క్యూట్) నుంచి వచ్చేది, మరో ఆసిలేటర్ (తరంగం పుట్టించే సర్క్యూట్) నుంచి వచ్చేది, అన్నీ కలిపి ఒకే చోట ఇవ్వవచ్చు. కంపనం కోసం చేయి ఊపనక్కర్లేదు, నెమ్మదిగా ఊగే వోల్టేజ్ ఊపుతుంది.

చిక్కంతా ఇక్కడే మొదలైంది. చెవికి ఆక్టేవ్ అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపు కావడం. అంటే సమానంగా పెరిగే వోల్టేజ్‌ను రెట్లలో పెరిగే కరెంటుగా మార్చాలి. ఆ పని ట్రాన్సిస్టర్ సహజంగానే చేస్తుంది. గది ఉష్ణోగ్రత దగ్గర దాని బేస్, ఎమిటర్ అనే రెండు కాళ్ల మధ్య వోల్టేజ్ సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు రెట్టింపవుతుంది. కానీ ఆ 18 అన్నది ఉష్ణోగ్రతతో పాటు మారుతుంది, డిగ్రీకి సుమారు 0.33 శాతం. లెక్క వేసి చూడండి. స్టేజీ మీద లైట్ల వేడికి లోపల 10 డిగ్రీలు పెరిగిందనుకుందాం. స్కేలు 3.3 శాతం తప్పుతుంది. ఆధార స్వరానికి ఐదు ఆక్టేవ్‌ల దూరంలో ఉన్న కీ దగ్గర ఆ తప్పు 0.165 ఆక్టేవ్, అంటే రెండు సెమీటోన్లు. అది అపశ్రుతి కూడా కాదు, ఏకంగా వేరే స్వరం!

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, వేడితో పాటు అదే మోతాదులో, డిగ్రీకి 0.33 శాతం, విలువ పెరిగే ప్రత్యేక రెసిస్టర్‌ను ట్రాన్సిస్టర్ జతకు ఆనుకునేలా పెట్టడం. రెండోది, ఆ జతనే ఒక స్థిరమైన వేడి దగ్గర కాచి ఉంచడం. కాసేపట్లో చెప్పబోయే మినీమూగ్ అనే వాద్యానికి తర్వాతి కాలంలో వేసిన బోర్డుల్లో ఈ రెండో పద్ధతి కనిపిస్తుంది. ఏది పెట్టినా ఆన్ చేసిన వెంటనే శ్రుతి చేయకండి. కనీసం అరగంట కాగనివ్వాలి.

శ్రుతి చేసే పద్ధతి కూడా చెబుతాను, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. కింది కీ నొక్కి, ట్యూన్ నాబ్‌తో దాన్ని ఒక నికరమైన స్వరానికి కలపండి. రెండు నాదాలూ కలిసినప్పుడు వచ్చే ఊగు పూర్తిగా ఆగాలి. తర్వాత మూడు ఆక్టేవ్‌ల పైకి వెళ్లి, ఈసారి నాబ్ ముట్టుకోకుండా లోపలి స్కేల్ ట్రిమ్మర్‌తో (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న సర్దుబాటు) సరి చేయండి. అలా చేయగానే కింది స్వరం మళ్లీ జారుతుంది. మళ్లీ కిందికి రావాలి, మళ్లీ పైకి వెళ్లాలి. నాలుగైదు సార్లు తిరిగితే గాని రెండూ ఒకచోట నిలవవు. మూత తీసి చేస్తున్నప్పుడు ఫ్యాను గాలి బోర్డుకు తగిలితే చేసిన పనంతా వృథా. మూత పెట్టిన పది నిమిషాల తర్వాత మళ్లీ ఒకసారి విని చూడాలి.

అదే కాలంలో అమెరికా పడమటి తీరంలో, శాన్‌ఫ్రాన్సిస్కో టేప్ మ్యూజిక్ సెంటర్ కోసం డాన్ బుక్లా మరో దారి తొక్కాడు. పియానో కీలు పెడితే చేతులు పాత స్వరాలే వెతుక్కుంటాయన్నది ఆయన వాదన. అందుకే తాకితే పలికే పలకలు పెట్టాడు. నాదానికీ, కంట్రోల్ వోల్టేజ్‌కూ వేరువేరు రకం జాకులు పెట్టాడు. లండన్‌లో ఈఎంఎస్ సంస్థ 1969లో తెచ్చిన వీసీఎస్3లో భాగాలను కలిపే తీగలే లేవు. 16 వరసలు, 16 నిలువుల గళ్లలో పిన్ను గుచ్చితే కనెక్షను. ఒక్కో పిన్నులో చిన్న రెసిస్టర్ ఉంటుంది. ఒకే గమ్యానికి రెండు మూడు పిన్నులు గుచ్చినా సిగ్నళ్లు ఒకదాన్నొకటి మింగేయకుండా కలిసేది దాని వల్లే. పాత వీసీఎస్3లో నాదం గరగరలాడితే ఆసిలేటర్‌ను అనుమానించే ముందు పిన్నులు తుడవండి. శ్రుతి నిలకడలో మాత్రం అది బలహీనమే. పాటలో బాణీ వాయించడానికి కన్నా వింత నాదాలకే అది ఎక్కువగా పనికొచ్చింది.

మినీమూగ్ దగ్గర కాస్త ఆగాలి. 1970లో వచ్చింది, 1981 దాకా తయారైంది. మూడు ఆసిలేటర్లు, 44 కీలు, ఒకసారికి ఒకే స్వరం. విడివిడి భాగాలను తీగలతో కలుపుకోవాల్సిన, పెద్ద అలమారాలంత ఉన్న మాడ్యులర్ వ్యవస్థలో అందరూ ఎక్కువగా వాడే కనెక్షన్లను లోపలే శాశ్వతంగా కలిపేసి, చంకలో పెట్టుకుపోయే సైజుకు తెచ్చారు. దాని పేరు నిలబెట్టింది ఫిల్టర్. మూగ్‌కు 1969లో పేటెంటు దక్కిన ల్యాడర్ ఫిల్టర్ అది. నాలుగు ట్రాన్సిస్టర్ జతలు నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి, ప్రతి మెట్టు మధ్య ఒక కెపాసిటర్. ప్రతి మెట్టూ ఆక్టేవ్‌కు 6 డెసిబెల్స్ చొప్పున పై ఫ్రీక్వెన్సీలను కోస్తుంది, మొత్తం 24.

రెజొనెన్స్ నాబ్ తిప్పితే ఏమవుతుంది? ఫిల్టర్ నుంచి బయటికి వచ్చినదాన్ని తలకిందులు చేసి మళ్లీ లోపలికి పంపుతారు. కోత మొదలయ్యే ఫ్రీక్వెన్సీ, అంటే కటాఫ్ దగ్గర ఒక్కో మెట్టు తరంగం ఫేజ్‌ను 45 డిగ్రీలు తిప్పుతుంది, నాలుగూ కలిసి 180, అంటే తలకిందులైనది మళ్లీ తలకిందులై అసలుదానితో కలిసిపోతుంది. అక్కడ సిగ్నల్ నాలుగో వంతుకు తగ్గి ఉంటుంది కాబట్టి వెనక్కి పంపేది నాలుగు రెట్లు పెంచితే ఫిల్టర్ తనంతట తానే ఈల వేస్తుంది. కానీ అదే తిప్పుడులో కింది స్వరాల దగ్గర ఫేజ్ తిరగదు. తలకిందులైన సిగ్నల్ అసలుదాన్ని కొట్టేస్తుంది. ఈల మొదలయ్యే చోటుకు బేస్, అంటే కింది స్వరాల బలం, ఐదో వంతుకు పడిపోతుంది, అంటే 14 డెసిబెల్స్. ‘రెజొనెన్స్ పెంచితే బేస్ పల్చబడుతోంది, ఏదో పాడైంది’ అంటూ బోర్డు విప్పేవాళ్లుంటారు. ఏమీ పాడవలేదు, ఆ సర్క్యూట్ గుణమే అది. నిజమైన దోషం వేరు: కటాఫ్‌ను వేగంగా కదిలించినప్పుడు ఆసిలేటర్లన్నీ ఆపేసినా టప్ టప్‌మని వినిపిస్తే నిచ్చెనలో ట్రాన్సిస్టర్ జతలు సరిపోలడం లేదని అర్థం. జతగా కొలిచి ఎంచినవే వేయాలి.

నాదాన్ని ఇంకా చిక్కగా చేసుకునే పద్ధతి కూడా ఒకటి ఉంది. మినీమూగ్ హెడ్‌ఫోన్ ఔట్‌పుట్ నుంచి తీగ తెచ్చి ఎక్స్‌టర్నల్ ఇన్‌పుట్‌లో పెట్టి, దాని నాబ్‌ను సున్నా నుంచి మెల్లగా తెరవండి. ముందు నాదం చిక్కబడుతుంది, తర్వాత గరుకుతనం వస్తుంది, ఇంకా తెరిస్తే అదుపు తప్పి అరుస్తుంది. స్పీకర్ల వాల్యూమ్ తగ్గించి మొదలుపెట్టడం మరవకండి.

ఇక ఒకేసారి ఎక్కువ స్వరాలు. ఒక్క స్వరానికే మూడు ఆసిలేటర్ల శ్రుతి నిలపడం ఇంత కష్టమైతే, ఎనిమిది స్వరాలకు ఎంత? 1977 నాటి యమహా సీఎస్-80 ఆ భారం అంతా భుజాన వేసుకుంది. ఒకేసారి ఎనిమిది స్వరాలు (ఇక్కడి నుంచి స్వరం అంటే దాన్ని పలికించే సర్క్యూట్ కూడా), స్వరానికి రెండేసి పొరలు, లోపల లెక్కలేనన్ని ట్రిమ్మర్లు. నలుగురు పడితే గాని చోటు కదలదు, కదిలిస్తే శ్రుతి కదులుతుంది. టోన్లు దాచుకునే చోటు చూస్తే ఆ కాలపు పట్టుదల తెలుస్తుంది. పైన చిన్న మూత తీస్తే, బయటి స్లైడర్లకు బుల్లి నకళ్లు నాలుగు వరసలుగా ఉంటాయి. టోనును ‘సేవ్’ చేయడమంటే ఆ బుల్లి స్లైడర్లను చేత్తో అదే స్థానాలకు జరపడమే. ఇంత ఇబ్బంది ఉన్నా దాన్ని వదులుకోలేకపోయారు. ఎందుకంటే నొక్కి ఉంచిన ఒక్కో వేలి ఒత్తిడినీ అది విడివిడిగా వినేది. కార్డ్‌లో, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపులో, ఒక్క మధ్య వేలు కాస్త అదిమితే ఆ స్వరం ఒక్కటే ఉబికి వస్తుంది. వాయించేవాడి చెయ్యిని అంతగా గౌరవించిన సింథసైజర్లు ఇవాళ్టికీ తక్కువే అంటాను.

1978లో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ సంస్థ నుంచి డేవ్ స్మిత్ తెచ్చిన ప్రాఫెట్-5 ఈ మొత్తం వ్యవహారాన్ని తిప్పేసింది. ఐదు స్వరాలు, పది ఆసిలేటర్లు, మధ్యలో జెడ్80 మైక్రోప్రాసెసర్. నాబ్ ఇప్పుడు సర్క్యూట్‌ను నేరుగా తాకదు. ప్రాసెసర్ నాబ్ స్థానాన్ని అంకెగా చదివి, మెమరీలో పెట్టుకుని, ఆ అంకెను మళ్లీ వోల్టేజ్‌గా మార్చి ఆసిలేటర్లకు, ఫిల్టర్లకు పంచుతుంది. మార్చే చిప్పు ఒక్కటే, గమ్యాలు చాలా. కాబట్టి ఒక్కో గమ్యం దగ్గర ఒక చిన్న కెపాసిటర్ ఆ వోల్టేజ్‌ను పట్టి ఉంచుతుంది, ప్రాసెసర్ చుట్టూ తిరుగుతూ దాన్ని మళ్లీ మళ్లీ నింపుతుంది. ఆ కెపాసిటర్‌లో లీకు వస్తే ఒక్క స్వరం మాత్రమే జారుతుంది. ఐదింటిలో ఒకటే తేడాగా ఉంటే ముందు చూడాల్సిన చోట్లలో ఇదొకటి.

దీంతో 40 టోన్లు దాచుకునే వీలు వచ్చింది. నా దృష్టిలో అంతకన్నా గొప్పది ట్యూన్ బటన్. నొక్కితే ప్రాసెసర్ ఒక్కో ఆసిలేటర్‌నూ మోగించి, ఫ్రీక్వెన్సీ కొలిచి, ఎంత తప్పిందో రాసుకుని, ఇకపై పంపే వోల్టేజ్‌కు ఆ మేరకు దిద్దుబాటు కలుపుతుంది. ఆసిలేటర్‌ను మార్చలేదు, తప్పును గుర్తు పెట్టుకున్నారంతే. మొదటి రెండు రివిజన్లలో ఎస్ఎస్ఎమ్ సంస్థ చిప్పులు, 1980 నుంచి మూడో రివిజన్‌లో కర్టిస్ సంస్థ చిప్పులు. మూడోది శ్రుతిలో గట్టిది, పాతవి కాస్త చెదిరి ఉంటాయి. ఆ చెదరడమే కావాలని అడిగేవాళ్లు ఎంతమంది ఉన్నారంటే, 2020లో ప్రాఫెట్-5ను మళ్లీ తయారు చేసినప్పుడు స్వరాల మధ్య తేడా పెంచడానికే ‘వింటేజ్’ అని ఒక నాబ్ పెట్టారు.

రోలాండ్ జూనో వరస శ్రుతి సమస్యను మరో మూల నుంచి తేల్చింది. ఆసిలేటర్ తరంగం అనలాగే, అంటే వోల్టేజ్‌తోనే పుడుతుంది, కానీ ఎప్పుడు తిరిగి మొదలవ్వాలో డిజిటల్ కౌంటర్ చెబుతుంది. మాస్టర్ క్లాకును భాగించి వచ్చిన టిక్కు పడగానే కెపాసిటర్ ఖాళీ అవుతుంది. అంతే అయితే పై స్వరాలకు నిండే సమయం చాలక తరంగం పొట్టిదైపోతుంది. అందుకే స్వరం పెరిగిన కొద్దీ నింపే వోల్టేజ్‌ను కూడా పెంచుతారు. శ్రుతి రాయిలా నిలబడింది. కానీ అన్ని స్వరాలూ ఒకే క్లాకుకు కట్టుబడటంతో కార్డ్‌లు బిగుసుకుపోయాయి. ఆ బిగువు సడలించడానికే జూనోలో అంత పేరు తెచ్చుకున్న కోరస్ ఉంది. అందులో నాదాన్ని కాస్త ఆలస్యం చేసే రెండు బకెట్ బ్రిగేడ్ చిప్పులు, ఎడమదాని ఆలస్యం పెరుగుతుంటే కుడిదానిది తగ్గుతుంది. దానితో వచ్చే సన్నని హిస్ శబ్దం దోషం కాదు, పుట్టుకతో వచ్చిందే.

1984 నాటి జూనో-106 చాలా ఎక్కువగా మరమ్మతుకు వచ్చేవాటిలో ఒకటి. ఆరు స్వరాలకూ ఆరు 80017ఏ మాడ్యూళ్లు, ఒక్కోదానిలో ఫిల్టరూ వాల్యూమ్ కంట్రోలూ. వాటి మీద పోసిన నల్లటి పూత కాలక్రమంలో చెడి, చిన్నగా కరెంటును పారనిస్తుంది. అప్పుడు ఒక స్వరం చిటపటలాడుతుంది, లేదా కీ వదిలినా ఆగదు, లేదా పూర్తిగా మూగబోతుంది. ఆ స్వరం ఆరింటిలో ఏదో తెలుసుకోవడానికి కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేయండి, టెస్ట్ మోడ్ వస్తుంది. ఒక్కో కీ నొక్కుతుంటే ఏ స్వరం మోగుతోందో తెర మీద అంకె చూపిస్తుంది.

ఆ మాడ్యూల్‌ను బోర్డు నుంచి సోల్డర్ పీల్చి తీసి, మూత ఉన్న గాజు సీసాలో అసిటోన్ పోసి ఒకటి రెండు రోజులు నాననివ్వాలి. ప్లాస్టిక్ డబ్బా వద్దు, కరుగుతుంది. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా పెట్టాలి. పూత మెత్తబడ్డాక పుల్లతో మెల్లగా ఊడదీయండి. ఊడనిచోట గీకవద్దు, మళ్లీ నానబెట్టండి. కింద ఆవగింజంత భాగాలుంటాయి, బలవంతం చేస్తే పూతతో పాటు లేచొస్తాయి. పూర్తిగా ఆరాక తిరిగి వేసి, ఆ స్వరానికి సంబంధించిన ఫిల్టర్, వాల్యూమ్ ట్రిమ్మర్లను సరి చేయాలి. ఈ ఆఖరి పని మానేస్తే బాగైన స్వరమే మిగతా ఐదింటికి పొసగకుండా వినిపిస్తుంది. ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసువి, అన్నీ ఒకేసారి చేయించడం మేలు. నానబెట్టినా పలకకపోతే కొత్తగా తయారు చేసిన ప్రత్యామ్నాయ మాడ్యూళ్లు దొరుకుతాయి.

రోలాండే 1981లో తెచ్చిన టీబీ-303 అమ్మకాల్లో ఓడిపోయి 1984కల్లా ఆగిపోయింది. గిటారిస్టుకు తోడుగా బేస్ వాయించే పెట్టెగా అమ్మాలనుకున్నారు, బేస్ గిటారులా మాత్రం వినిపించలేదు. పాత సరుకుగా చవకైన తర్వాత 1987లో షికాగోలో ఫ్యూచర్ బృందం దాని నాబ్‌లు తిప్పుతూ చేసిన రికార్డు నుంచి యాసిడ్ హౌస్ పుట్టింది. కిటుకు స్వరాన్ని నొక్కి పలికించే యాక్సెంట్‌లో ఉంది. యాక్సెంట్ పెట్టిన స్వరం గట్టిగా వినిపించడమే కాదు, దాని ఫిల్టర్ ఎన్వలప్ కురచబడుతుంది, కటాఫ్ కూడా ఎగురుతుంది. ఆ ఎగురుడును నడిపే కెపాసిటర్ తర్వాతి స్వరం వచ్చేలోపు పూర్తిగా ఖాళీ కాదు. అందుకే వరసగా మూడు యాక్సెంట్లు పెడితే మూడోది మొదటిదాని కన్నా పైకి లేస్తుంది. సాఫ్ట్‌వేర్ నకళ్లలో మూడూ ఒకేలా వినిపిస్తే ఈ సంగతి వదిలేశారని గుర్తు. ఒక స్వరం నుంచి మరోదానికి జారే స్లైడ్‌కు పట్టే సమయం కూడా స్థిరం, సుమారు 60 మిల్లీసెకన్లు, పక్క స్వరానికైనా పై ఆక్టేవ్‌కైనా అంతే.

1983లో యమహా డీఎక్స్7తో వోల్టు పూర్తిగా పక్కకు తప్పుకుంది. స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టిన ఎఫ్ఎమ్ (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) పద్ధతి అది. ఆరు ఆపరేటర్లు (ఒక్కోటి ఒక సైన్ తరంగాన్ని పుట్టిస్తుంది), వాటిని కలిపే 32 అల్గారిథమ్‌లు, 16 స్వరాలు. ఒక సైన్ తరంగాన్ని మరో సైన్ తరంగంతో వేగంగా ఊపితే కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. మోగేది 200 హెర్ట్జ్, ఊపేది 400 అనుకోండి. పైన 600, 1000, 1400 వస్తాయి. కిందివి సున్నా దాటి మడతపడి మళ్లీ 200, 600 మీదే పడతాయి. అన్నీ బేసి హార్మోనిక్స్ (200కు 1, 3, 5 రెట్లు), క్లారినెట్ లాంటి బోలు నాదం. ఊపేదాన్ని 282కు, అంటే 1.41 రెట్లకు మార్చండి. 482, 764, మడతపడిన 82, 364 వస్తాయి. దేనికీ దేనికీ పొత్తు కుదరదు, గంట కొట్టినట్టు ఖంగుమంటుంది.

కొత్తవాళ్లు పడే తికమక ఒకటే. ఊపే ఆపరేటర్ లెవెల్ పెంచితే శబ్దం పెరుగుతుందనుకుంటారు. పెరిగేది మెరుపు. వాయిస్ ఇనిషియలైజ్ చేసి, అంటే ఖాళీ టోనుతో మొదలుపెట్టి, రెండో ఆపరేటర్ నిష్పత్తి 14కు పెట్టి, లెవెల్ సున్నా నుంచి 60 దాకా మెల్లగా తెచ్చి, త్వరగా తగ్గిపోయే ఎన్వలప్, కీ వెలాసిటీ కలపండి. ఎలక్ట్రిక్ పియానో ఆరంభంలో వినిపించే ఆ గాజు తునక లాంటి టింగుమన్న శబ్దం వస్తుంది. గట్టిగా కొడితే మెరుస్తుంది, మెత్తగా కొడితే ఉండదు.

అదే ఏడాది జనవరిలో నామ్ అనే వాద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600, జూపిటర్-6 అనే రెండు వేర్వేరు సంస్థల సింథసైజర్లను ఒక తీగతో కలిపి, వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి ఒప్పందాన్ని చూపించారు. సెకనుకు 31,250 బిట్లు, ఒక స్వరానికి మూడు బైట్లు, అంటే దాదాపు ఒక మిల్లీసెకను. పది స్వరాల కార్డ్‌లో మొదటి వేలికీ ఆఖరి వేలికీ మధ్య 9 మిల్లీసెకన్లు జారుతుంది. ఒకే తీగ మీద డ్రమ్మూ, బేసూ, కార్డ్‌లూ పెడితే డ్రమ్ము బిగువు సడలేది ఇందుకే. డ్రమ్ములకు వేరే పోర్టు ఇవ్వండి.

తర్వాతి రోలాండ్ డీ-50, 1987ది, ఆరంభపు క్షణాన్ని మాత్రం శాంపిల్ చేసి (అంటే రికార్డు చేసి పెట్టుకుని) మిగతాది సింథసైజ్ చేసింది. అప్పట్లో మెమరీ అంత ఖరీదు కాబట్టి. 1988 కోర్గ్ ఎమ్1లో శాంపిళ్లే ప్రధానం. దాని ఫిల్టర్‌కు రెజొనెన్స్ లేదు, దాని కోసం వెతకకండి. 1995లో నార్డ్ లీడ్ అనే సింథసైజర్ అనలాగ్‌ను అంకెలతో అనుకరించింది. అదే ఏడాది జర్మనీ నుంచి డోప్‌ఫర్ ఏ-100 వచ్చి, ఒక వోల్టుకు ఒక ఆక్టేవ్ అన్న పాత ఒప్పందాన్ని చిన్న జాకులతో మళ్లీ బల్ల మీదికి తెచ్చింది.

(సభలో ప్రశ్న: పాత డీఎక్స్7 కొనాలనుకుంటే ముందు ఏం చూడాలి?)

బ్యాటరీ. టోన్లన్నీ నిలబడేది లోపలి నాణెం ఆకారపు లిథియం బ్యాటరీ మీద, అది బోర్డుకు సోల్డర్ చేసి ఉంటుంది. పేర్లు పిచ్చి అక్షరాలుగా కనిపిస్తే అది అయిపోయిందని అర్థం, వాద్యం పాడైందని కాదు. పేర్లు బాగున్నాయంటే ముట్టుకునే ముందే మిడి ద్వారా 32 టోన్లనూ కంప్యూటర్‌లోకి తీసుకోండి. ముందుగా ఫంక్షన్ మోడ్‌లో ‘సిస్ ఇన్ఫో’ను అవైల్‌కు మార్చాలి, లేకపోతే ఏమీ బయటికి రాదు. వచ్చిన ఫైలు సరిగ్గా 4,104 బైట్లు ఉండాలి, తక్కువుంటే మధ్యలో తెగింది, మళ్లీ పంపాలి. తర్వాత పవర్ తీగ పీకి, పాత బ్యాటరీ తీసి, దాని చోట హోల్డర్ సోల్డర్ చేసి, అందులో కొత్తది వేయండి. బ్యాటరీ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టవద్దు, వేడికి పగలవచ్చు. ఆఖరున మెమరీ ప్రొటెక్ట్ ఆఫ్ చేసి టోన్లు వెనక్కి ఎక్కించండి. అది ఆన్‌లో ఉంటే పంపినవి ఎక్కవు.